బ్లేర్ విచ్ మేలా, పారానార్మల్ యాక్టివిటీ మేలా? చేతిలో ఊగే కెమెరా, స్టాండ్ మీద కదలని కెమెరా

‘ది బ్లేర్ విచ్ ప్రాజెక్ట్’ చూసినవాళ్లలో ‘ఫర్వాలేదు, ఒకసారి చూడొచ్చు’ అనేవాళ్లు చాలా తక్కువ. ఆ రాత్రి లైటు ఆర్పడానికి ధైర్యం చాలలేదని కొందరంటారు. ముగ్గురు స్టూడెంట్లు అడవిలో తిట్టుకోవడం తప్ప అందులో ఏముందని ఇంకొందరు మండిపడతారు. పదేళ్ల తర్వాత థియేటర్లకు వచ్చిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ విషయంలోనూ ఇదే చీలిక. ఎక్కడో దొరికిన టేపుల్ని మనకు చూపిస్తున్నట్టు తీసే ఫౌండ్ ఫుటేజ్ హారర్‌లో ఈ రెండూ రెండు దారులు. ఒకదాంట్లో కెమెరా మనిషి చేతిలో ఊగుతూనే ఉంటుంది. రెండోదాంట్లో రాత్రి కాగానే మంచానికి ఎదురుగా స్టాండెక్కి కదలకుండా నిలబడుతుంది. వీటిలో ఏది మేలు, ఎవరి వాదనలో ఎంత పస ఉంది అని ఆలోచిస్తే నాకు తోచింది రాస్తున్నాను. ముగింపుల ప్రస్తావన కూడా వస్తుంది కాబట్టి ఇంకా చూడనివాళ్లు ముందు సినిమాలు చూసి రావడం మంచిది.

ఒక మంత్రగత్తె కథ మీద డాక్యుమెంటరీ తీద్దామని అడవికి వెళ్లి, కనిపించకుండా పోయిన ముగ్గురు స్టూడెంట్ల కథ బ్లేర్ విచ్. దాన్ని డేనియల్ మిరిక్, ఎడువార్డో శాంచెజ్ కలిసి 1997 అక్టోబర్‌లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో తీశారు. ఎక్కువ భాగం సెనెకా క్రీక్ స్టేట్ పార్క్ అడవిలో, ఎనిమిది రోజుల్లో అయిపోయింది. హెదర్ డొనాహ్యూ, జాషువా (జాష్) లెనర్డ్, మైకేల్ (మైక్) విలియమ్స్ సొంత పేర్లతోనే నటించారు, షూటింగ్ కూడా తామే చేశారు. రంగుల్లో కనిపించేది మామూలు హై8 వీడియో, నలుపు తెలుపుల్లో కనిపించేది 16 ఎంఎం ఫిల్మ్. దర్శకులు దూరంగా ఉండి, ఎక్కడికి నడవాలో జీపీఎస్ ద్వారా చెప్పేవాళ్లు. ఆ రోజు ఎవరు ఎలా ప్రవర్తించాలో ముగ్గురికీ విడివిడిగా చీటీలు రాసిపెట్టేవాళ్లు. ఒకరి చీటీలో ఏముందో ఇంకొకరికి తెలియదు. తిండి రోజురోజుకీ తగ్గించారు. రాత్రుళ్లు టెంట్ చుట్టూ చప్పుళ్లు చేశారు, టెంట్‌ని పట్టుకుని ఊపేశారు. తెర మీద కనిపించే అలసట, చిరాకు చాలావరకు నిజమైనవే.

పారానార్మల్ యాక్టివిటీ కథ వేరు. ఒరెన్ పెలి అప్పటికి సినిమా మనిషి కాదు, సాఫ్ట్‌వేర్ పని చేసుకునే ప్రోగ్రామర్. శాన్ డియాగోలోని తన సొంత ఇంట్లోనే, దాదాపు 15 వేల డాలర్ల ఖర్చుతో, వారం రోజుల్లో తీసేశాడు. ఇంట్లో ఏదో దెయ్యం తిరుగుతోందని రాత్రంతా కెమెరా పెట్టి చూసే జంటగా కేటీ ఫెదర్‌స్టన్, మైకా స్లోట్ నటించారు. డైలాగులు కాగితం మీద లేవు, సందర్భం చెబితే వాళ్లే మాట్లాడారు. 2007లో స్క్రీమ్‌ఫెస్ట్ అనే హారర్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శించినా అమెరికా థియేటర్లకు చేరింది 2009లో. ప్రపంచవ్యాప్తంగా 19 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. అంతకు ముందే బ్లేర్ విచ్ దాదాపు 25 కోట్ల డాలర్లు తెచ్చి ఈ దారి వేసి పెట్టింది.

‘ఏమీ జరగలేదు’ అన్న ఫిర్యాదు రెండింటి మీదా ఉంది, కానీ రెండింటికీ ఒకేలా వర్తించదు. పారానార్మల్‌లో నిజానికి చాలానే జరుగుతుంది. తలుపు కదులుతుంది, లైటు వెలిగి ఆరుతుంది, నేల మీద చల్లిన పౌడర్‌లో మనిషివి కాని అడుగులు పడతాయి, దుప్పటి దానంతటదే లేస్తుంది. ప్రతి రాత్రీ కిందటి రాత్రి కంటే ఒక మెట్టు పైకి వెళ్తుంది. ప్రేక్షకుడు రెండో రాత్రికే ఈ పద్ధతి నేర్చేసుకుంటాడు. మూల నుంచి మూలకు కళ్లతో వెతుకుతాడు. ఎడమవైపు తెరిచి ఉన్న తలుపు, దాని వెనక చీకటి వరండా, మంచం మీద ఇద్దరు, కింద పరుగెత్తే గడియారం అంకెలు. ఆ అంకెలు పరుగు ఆపి మామూలు వేగానికి వచ్చాయంటే ఏదో జరగబోతోందని అర్థం. అది జరిగే ముందు లోతుగా ఒక గుయ్‌మనే మోత కూడా వినిపిస్తుంది. ఇంత సాదా సామగ్రితో ఇంత టెన్షన్ పుట్టించడం గొప్ప పనితనం. ఈ సినిమాలో ఏమీ లేదనేవాళ్లు ఆ మంచం షాట్లను ఓపిగ్గా చూడలేదనే నా అనుమానం. పగటి సీన్ల గురించి అయితే వాళ్లదే రైటు. అవి ఒకే వాదనని మళ్లీ మళ్లీ సాగదీస్తాయి.

బ్లేర్ విచ్‌లో మాత్రం ఫిర్యాదు అక్షరాలా నిజం. మంత్రగత్తె ఒక్క క్షణం కూడా కనిపించదు. తెల్లారేసరికి టెంట్ ముందు మూడు రాళ్ల కుప్పలు, చెట్లకు వేలాడే కర్రల బొమ్మలు, రాత్రిపూట పిల్లల గొంతులు, అంతే. భయం కావాలంటే దాన్ని ప్రేక్షకుడే తయారుచేసుకోవాలి. ఊహకు పని చెప్పడం ఇష్టమున్నవాళ్లకి ఇది వరం, టికెట్ కొన్నాక చూపించాల్సింది చూపించాలనుకునేవాళ్లకి మోసం. ఈ రెండో వర్గాన్ని తెలివితక్కువవాళ్లుగా తీసిపారేయడం నాకు నచ్చదు. ఆ సినిమా తమని ఏం అడుగుతోందో వాళ్లకి ముందుగా ఎవరూ చెప్పలేదు, పైగా చెప్పిన మాటలు వేరే ఆశ పెట్టాయి.

ఆ ఆశల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే 1999లో సినిమా విడుదలైనప్పుడు వచ్చిన చీలికకు సగం కారణం అదే. సినిమా విడుదలకు ముందే వెబ్‌సైట్‌లో కల్పిత పోలీసు ఆధారాలు పెట్టారు. ముగ్గురూ కనిపించడం లేదంటూ పోస్టర్లు పంచారు. హెదర్ తల్లికి సంతాపం తెలుపుతూ కార్డులు వచ్చాయంటే జనం ఎంతగా నమ్మారో ఊహించుకోవచ్చు. నిజమని నమ్మి వచ్చినవాడికి కర్రల బొమ్మ ఒక్కటి చాలు. ఈ ఏడాది అతి భయంకరమైన సినిమా అట అని విని వచ్చినవాడికి ఆ కర్రల బొమ్మ కర్రలుగానే కనిపిస్తుంది. విమర్శకులు మెచ్చుకుంటుంటే, థియేటర్ నుంచి బయటకు వస్తున్న ప్రేక్షకుల్ని అడిగే సినిమాస్కోర్ సర్వేలో దీనికి దక్కింది సి ప్లస్ అనే తక్కువ గ్రేడు. ఈ రోజు చూసేవాళ్లకి ఆ భ్రమ లేదు. ముగ్గురూ బతికే ఉన్నారని తెలుసు. ఇన్నేళ్ల తర్వాత, 2024లో, తమకు న్యాయంగా రావాల్సిన డబ్బు ఇప్పించమని ఆ ముగ్గురు నటులూ హక్కులున్న సంస్థకు బహిరంగ లేఖ రాశారని కూడా తెలుసు. ఆ డిమాండ్ నాకు పూర్తిగా న్యాయమనిపిస్తుంది. సినిమాను భుజాల మీద మోసింది వాళ్లే.

పారానార్మల్ గురించి ఇంకో ముచ్చట ఉంది. మొదట దీన్ని పెద్ద నటులతో మళ్లీ తీయాలనుకున్నారు. పరీక్ష కోసం అసలు సినిమానే వేసి చూపిస్తే మధ్యలో కొందరు లేచి వెళ్లిపోయారట. నచ్చలేదేమో అనుకుని ఆరా తీస్తే, భయం తట్టుకోలేక వెళ్లామన్నారట. ఒకే పని వెనక రెండు కారణాలు ఉండొచ్చన్నమాట. జనం స్పందన చూసి ఒక సినిమా మీద తీర్పు ఇవ్వడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కెమెరా ఊగడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బ్లేర్ విచ్ చూసి తల తిరిగినవాళ్లు, కడుపులో తిప్పినవాళ్లు నిజంగానే ఉన్నారు. బస్సు ప్రయాణం పడనివాళ్లు పారానార్మల్ చూడటమే మేలు. బ్లేర్ విచ్ చూసి తీరాలనుకుంటే చిన్న తెర మీద, కాస్త దూరం నుంచి చూడండి.

పాత్రలు చిరాకు పుట్టిస్తాయన్న వాదన దగ్గరే నేను చాలామందితో విభేదిస్తాను. మైకా మీద కోపం రావడం సహజం. ఇంటికొచ్చిన నిపుణుడు ఆ దెయ్యాన్ని రెచ్చగొట్టొద్దని చెప్పి వెళ్తే, అతను కేటీకి ఇచ్చిన మాట పక్కన పెట్టి ఆత్మలతో మాట్లాడటానికి వాడే వీజా (Ouija) బోర్డు తెచ్చి పెడతాడు. ఆమె బాధ కంటే అతనికి తన కొత్త కెమెరా ముద్దు. కానీ అతను మొదటి పది నిమిషాల్లో ఎలా ఉన్నాడో చివరిదాకా దాదాపు అలాగే ఉంటాడు. హెదర్ అలా కాదు. దారి తనకు తెలుసని పట్టుబడుతుంది, అడుగడుక్కీ షూట్ చేస్తుంది, మిగతా ఇద్దరిచేత తిట్లు తింటుంది. ఆ నటనకు చెత్త నటి అంటూ రాజీ (Razzie) అవార్డు అంటగట్టడం నా దృష్టిలో పెద్ద అన్యాయం. మ్యాప్‌ని తానే వాగులోకి తన్నేశానని మైక్ నవ్వుతూ ఒప్పుకునే సీన్ చూడండి. మొదటిసారి చూసినప్పుడు అది ఇంకో గొడవలా అనిపిస్తుంది. రెండోసారి చూసినప్పుడు, ముగ్గురి పని అయిపోయింది అక్కడే అని తెలుస్తుంది. అక్కడ దెయ్యం ప్రమేయమే లేదు. అలసిపోయిన ఒక కుర్రాడు, ఒక్క క్షణం కోపం, అంతే. చివర్లో హెదర్ కెమెరాను మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుని అందరి తల్లులకీ క్షమాపణ చెబుతుంది. ఫ్రేములో మొహం సగమే పడుతుంది, ముక్కు కారుతుంటుంది. అందరూ ఎగతాళి చేసిన షాట్ అదే, నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా నిజమనిపించేదీ అదే.

‘ప్రాణం మీదికి వచ్చినా ఇంకా షూటింగ్ ఏమిటి?’ అన్న ప్రశ్నకి కూడా బ్లేర్ విచ్ దగ్గరే మంచి జవాబుంది. ఆ కెమెరా నీకెందుకంత ఇష్టమో అర్థమైందని జాష్ ఒకచోట హెదర్‌తో అంటాడు. అందులోంచి చూస్తే లోకం పూర్తి నిజంలా ఉండదని అతని మాట. ఆమె దాన్ని వదలకపోవడానికి ఆ ఒక్క మాట చాలు. పారానార్మల్‌లో మైకా పంతం తప్ప వేరే కారణం లేదు, చివరికొచ్చేసరికి ఆ పంతం కూడా చాలదు.

ముగింపుల దగ్గర తేడా మరింత తేలిగ్గా పట్టుబడుతుంది. బ్లేర్ విచ్ కొన్న సంస్థకు దాని ముగింపు అర్థంకాక, వేరే ముగింపులు తీయించింది. చివరికి పాతదే ఉంచారు: పాడుబడ్డ ఇంటి నేలమాళిగలో మైక్ మూలకు తిరిగి నిలబడి ఉంటాడు, కెమెరా కింద పడుతుంది. ఒక పిల్లవాణ్ణి మూలకు తిప్పి నిలబెట్టి ఇంకొకరిని చంపిన హంతకుడి గురించి మొదట్లో ఊరివాళ్లు చెప్పిన కథ గుర్తున్నవాళ్లకే అక్కడ గుండె జారుతుంది. పారానార్మల్ ముగింపును మాత్రం మార్చారు. ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేసిన కాపీలో పోలీసులు వస్తారు. థియేటర్ కాపీలో మైకా శరీరం కెమెరా మీదికి విసిరినట్టు వచ్చి పడుతుంది, ఆ సలహా స్టీవెన్ స్పీల్‌బర్గ్‌ది. హాలంతా కేక పెట్టడానికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నాకు మాత్రం అంతసేపు ఓపిగ్గా, కదలకుండా భయపెట్టిన సినిమా చివరి అర నిమిషంలో తన పద్ధతి తానే వదిలేసిందనిపించింది.

కాబట్టి నా ఓటు బ్లేర్ విచ్‌కే, అదీ గట్టిగా. తలుపు ఎప్పుడు కదులుతుందో తెలిశాక పారానార్మల్ పట్టు సడలుతుంది. బ్లేర్ విచ్‌లో ఏం జరుగుతుందో తెలిశాక ముగ్గురి మాటల్లో ప్రతిదీ ఇంకా బరువెక్కుతుంది. అయితే అందరికీ ముందుగా దాన్నే చూపించమని అనను. ఈ తరహాకు కొత్తవాళ్లయితే, నలుగురితో కలిసి చూస్తుంటే, పారానార్మల్‌తో మొదలుపెట్టండి. ఖాళీ గదిని వెతకడం కళ్లకు అలవాటవుతుంది. పక్కవాడి ఉలికిపాటు కూడా సాయపడుతుంది. బ్లేర్ విచ్‌ని ఇంకోరోజు ఒంటరిగా, ఫోన్ పక్కన పడేసి చూడండి. సగం ధ్యాసతో చూస్తే అది నిజంగానే తిట్లూ చెట్లూ మాత్రమే.

ఖాళీ చీకటిని చూస్తూ కూర్చోవడం ఇంకా ఇష్టమనిపిస్తే కైల్ ఎడ్వర్డ్ బాల్ 2022లో తీసిన ‘స్కినమరింక్’ ఉంది. కెనడాలో తాను పెరిగిన ఇంట్లోనే, పారానార్మల్ అంత బడ్జెట్‌తోనే తీశాడు. మనుషుల మొహాలు కూడా సరిగ్గా కనిపించవు కాబట్టి, దాని మీద అభిప్రాయాలు ఈ రెండింటికన్నా ఘోరంగా చీలాయి. తర్వాతి భాగాల్లో మాత్రం ఎంచుకుని చూడాలి. 2000లో వచ్చిన బ్లేర్ విచ్ రెండో భాగం అసలీ పద్ధతినే వదిలేసి మామూలు సినిమాలా తీశారు, దాని జోలికి వెళ్లక్కర్లేదు. పారానార్మల్ మూడో భాగం, 2011లోది, తప్పకుండా చూడండి. అందులో కెమెరాను అటూ ఇటూ తిరిగే టేబుల్ ఫ్యాన్ అడుగుకు బిగించారు. వంటగది వైపు నుంచి హాల్లోకి, హాల్లోంచి మళ్లీ వంటగదికి అది నిదానంగా తిరుగుతుంటే, అవతలి గదిలో ఏం జరుగుతోందో చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది, అది మాత్రం తన వేగంతోనే తిరుగుతుంది.