మామిడి నీడలో పులిచింత కలుపు మొక్క: పీకాలా, ఉంచాలా?

ఖర్చు: పీకడానికి దోకుడుపార చాలు. ఉంచితే అదీ అక్కర్లేదు.

శ్రమ: పీకడమే కష్టం. తీగ నేలమీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు దింపుతుంది, తెగిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. ముదిరిన కాయను తాకితే చాలు, చిట్లి గింజలు దూరంగా చిమ్ముతాయి. అందుకే కాయ ముదరకముందే, వాన పడ్డాక మెత్తటి నేలలో వేరుతో సహా లాగాలి.

ముప్పు: ఉంచితే లేత నారును కమ్మేస్తుంది, కుండీల్లోకీ ఎక్కుతుంది. పీకితే నేల బోసిపోతుంది, ఎండుటాకులు పరచాలి.

వంట: పుల్లటి ఆకు పప్పులోకి, పచ్చడికి ఎంతో బావుంటుంది. ఆకులో ఆక్సలేట్లనే లవణాలు ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మానేయాలి.

పెద్ద చెట్ల కిందైతే నేను ఉంచమనే అంటాను. నారుమడి, కుండీల దగ్గర మాత్రం పసుపు పూత కనబడగానే పీకేయండి.