ఇంజన్ బాగానే ఉంది, పోయింది పెట్రోల్ పైపు

డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో ఈ వేసవంతా నా బాస్ బోట్‌తో, అంటే చేపలు పట్టే పడవతో, అవస్థపడ్డాను. 18 అడుగుల పడవ, వెనక తగిలించిన 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్. థ్రాటిల్ పూర్తిగా తోసినా ముక్కు పైకెత్తి నీళ్ళు దున్నుకుంటూ పోయేదే తప్ప, మొత్తం పడవ నీటి మీదికి లేచి జారుతూ పరిగెత్తేది కాదు. మొదట చూపించిన షాపులో కవర్ కూడా తీయకుండా ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగాలు) మార్చాలి, 1,400 డాలర్లు అన్నారు. చాలా బాధేసింది.

తర్వాత ఇంటికే వచ్చే ఒక మొబైల్ మెకానిక్‌ని పిలిచాను. ఆయన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది: "ఆర్‌పీఎం పెరిగినా పడవ కదలట్లేదా, అసలు ఆర్‌పీఎమ్మే పెరగట్లేదా?" పెరిగి కదలకపోతే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు హబ్ జారుతోందేమో చూడాలట. నాది 3,800 దగ్గరే ఆగిపోయేది. అంటే పెట్రోలో, స్పార్కో అందట్లేదన్నమాట.

తన చిన్న పెట్రోల్ ట్యాంకు తగిలించి లేక్‌లోకి తీసుకెళ్ళాడు. పడవ ఒక్క ఉదుటున లేచింది! మళ్ళీ నా ట్యాంకు పెట్టగానే ప్రైమర్ బల్బు (పెట్రోల్ పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి) పీల్చేసిన మామిడిపండులా చప్పబడింది. ట్యాంకు వైపు పైపు కోసి చూపిస్తే లోపలి పొర ఊడి దారికి అడ్డంపడి ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత పైపులు ఇలాగే పాడవుతాయన్నాడు.

పైపు, బల్బు, ఫిల్టర్ మార్చి, కూలీతో కలిపి 210 డాలర్లు. ఆయన అపాయింట్‌మెంట్‌కి మాత్రం 9 రోజులు ఆగాల్సి వచ్చింది. మొన్న శనివారం మా బావమరిదితో వెళ్తే ఆర్‌పీఎం 5,600 దాకా ఎక్కింది.