అమ్మమ్మ కుట్టిన బొంత: పాతికేళ్ళు దాటిన వాడకం తర్వాత

1998లో ఇంటర్ చదువుకి విజయవాడ హాస్టల్‌కి బయల్దేరుతుంటే అమ్మమ్మ నా ట్రంకు పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఈ బొంత పెట్టింది. హాస్టల్లో ఇనప మంచం మీద పరుచుకున్నాను. హైదరాబాద్‌లో అద్దె గదిలో కప్పుకున్నాను. మా అమ్మాయి పుట్టినప్పుడు నాలుగు మడతలు వేసి పక్క వేశాను. ఇన్నేళ్ళు వాడాను కాబట్టి దీని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు ఇది ఎలా తయారైందో చెప్పాలి. అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర పల్లె. నాట్లు, కోతలు, ఆ తర్వాత మినుము పీకడం, ఇంట్లో రెండు గేదెలు. బొంత పట్టుకునేది ఎండాకాలం మధ్యాహ్నాలే. అరుగు మీద పాత నేత చీర పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టేది. చీర పొడవు పద్దెనిమిది అడుగులు. మూడు మడతలు వేస్తే ఆరడుగులు, మనిషి పొడవు. వెడల్పు ఎలాగూ దాదాపు నాలుగడుగులు. "టేపు ఎందుకే అమ్మడూ, చీరే చెబుతుంది కొలత" అనేది. అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. కుట్టు కుట్టుకి మధ్య బియ్యపు గింజంత దూరం. సెలవుల్లో అక్కడుంటే సూదుల్లో దారం ఎక్కించడం నా పని. పొద్దున్నే ఐదు సూదులకి ఎక్కించి గోడకున్న క్యాలెండర్‌కి గుచ్చి పెట్టేదాన్ని.

నైలెక్స్ లాంటి సింథటిక్ చీరలు మాత్రం ముట్టుకునేది కాదు. ఎవరైనా తెచ్చిస్తే గేదెల కొట్టం దగ్గర తెర కట్టడానికి వాడేది. ఆవిడ పట్టుదల ఎంత సరైనదో నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. మధ్యలో ఓ రెండేళ్ళు పాలిస్టర్ దూది నింపిన రజాయి కొనుక్కుని వాడాను. కప్పుకున్న పది నిమిషాలకి వెచ్చగా ఉండేది, తెల్లవారుజామున మెడ కింద చెమటతో మెలకువ వచ్చేది. బొంతతో ఆ బాధ లేదు. పొరల మధ్య గాలి నిలిచి వెచ్చదనం ఇస్తుంది, నూలు కాబట్టి చెమట పీల్చుకుంటుంది. ఫ్యాన్ వేసుకుని కూడా హాయిగా కప్పుకోవచ్చు. ఉతికిన కొద్దీ మెత్తబడింది. చంటిపిల్లల ఒంటికి కొత్త బట్ట కన్నా ఇదే మేలు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక ఇబ్బందులు. బరువు ఎక్కువ. ఓసారి కిరాణా కొట్టు కాటా మీద పెడితే మూడు కిలోలకి కొంచెం తక్కువ తూగింది. తడిస్తే ఇద్దరు పట్టుకోవాలి. వాషింగ్ మెషిన్‌లో వేయకండి, నేనొకసారి వేస్తే నీళ్ళన్నీ తాగి ఓ పక్కకి ఉండలా చేరి మెషిన్ గడగడా ఊగింది. వానాకాలంలో ఉతికితే మూడు రోజులైనా ఆరదు, ముక్కిన వాసన పట్టుకుంటుంది. నేను మార్చి నెలాఖరున ఒక్కసారే ఉతుకుతాను, మిగతా ఏడాదంతా ఎండలో వేసి దులపడమే. బయట లాండ్రీకి ఇచ్చినప్పుడు ఒక పక్క జానెడు చిరిగి తిరిగొచ్చింది. ఆ రోజు ఏడ్చాను.

పై గుడ్డ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది పెడన అద్దకం దుప్పటి. ఎర్రపూలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, నల్ల గీతలున్న చోట మాత్రం గుడ్డ పదేళ్ళకే పొడిపొడిగా రాలిపోయింది. పురుగు కొట్టిందేమో అనుకున్నాను. పెడన వెళ్ళినప్పుడు ఒక అద్దకం పనివాడు కారణం చెప్పాడు: ఆ నలుపు ఇనప తుక్కుని బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీస్తారు, ఆ ఇనుమే నెమ్మదిగా నూలుని తినేస్తుందట. పాత అద్దకం గుడ్డతో బొంత కుట్టించుకునేవాళ్ళు నలుపు ఎక్కువున్న ముక్కని లోపలి పొరకి వాడుకోండి.

2016లో ఆ చిరుగు బాగుచేద్దామని ఒక పక్క కుట్లు విప్పాను. లోపల ఇంకో బొంత కనిపించింది! మాసిన ముతక చీరల పొరలు, వేరే దారం, వేరే కుట్టు. అమ్మకి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో ఇల్లూ గేదెలూ పోయాయి, ఇంట్లో ఒక్క గుడ్డ మిగల్లేదు. వేల మంది పోయిన ఆ ఉప్పెనలో వీళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. సాయంగా పంచిన చీరలు చిరిగేదాకా కట్టుకుని, ఆ పేలికలతోనే పిల్లల కోసం అమ్మమ్మ మొదటి బొంత కుట్టింది. అమ్మ దాని కిందే పెరిగింది. నేను హాస్టల్‌కి వెళ్తున్నానని తెలిసి అమ్మమ్మ దాన్నే మధ్యలో పెట్టి కొత్త పొరలు వేసింది. బరువు బరువని అన్నాళ్ళు విసుక్కున్నాను. ఆవిడ ఒక్కనాడూ ఈ మాట నాతో అనలేదు. ఉప్పెన గురించి అడిగితే "నీళ్ళొచ్చాయి, పోయాయి" అని లేచి పనికి వెళ్ళేది.

కుడి చేతివైపు కింది మూల కుట్లు వంకరగా, పొడుగ్గా ఉంటాయి. అప్పటికే ఆవిడ కంట్లో శుక్లాలు మొదలయ్యాయి, ఎవరికీ చెప్పలేదు. వాడకం పరంగా చూస్తే ఈ బొంతలో బలహీనమైన చోటు అదే. దారం వదులై లోపలి పొరలు ముద్దకట్టాయి. టైలర్ విప్పి మళ్ళీ కుడతానన్నాడు, వద్దన్నాను. ఆ కుట్లు అలాగే ఉంచి వాటి పక్కన నేను నా కుట్లు వేసుకున్నాను.

బొంతలోని గొప్ప సౌకర్యం ఇదే. పై గుడ్డ పోతే ఇంకో చీర పరిచి మళ్ళీ కుట్టుకోవచ్చు. నేను అమ్మ నేత చీర వేశాను, దానికి ఆరు ఆదివారాలు పట్టింది. మీ ఇంట్లో పాత నూలు చీరలుంటే దయచేసి స్టీలు సామానుకి ఇచ్చేయకండి. కుట్టడం రాకపోతే వీధుల్లోకి వచ్చే బొంతలు కుట్టేవాళ్ళకి ఇవ్వండి, కానీ దగ్గరే కూర్చుని కుట్లు దగ్గర దగ్గరగా వేయించుకోండి. పెద్ద పెద్ద కుట్లు వేస్తే రెండేళ్ళలో పొరలు జారిపోతాయి.

అమ్మమ్మ పోయింది 2009లో. ఇప్పుడు తలవైపు అంచు మళ్ళీ ఊడుతోంది. పిన్ని దగ్గర అమ్మమ్మ వెంకటగిరి చీర ఒకటి ఉందట. వేసవి సెలవుల్లో ఊరెళ్ళి తెచ్చుకోవాలి.