పన్నెండు కథలకు నాకొచ్చిన మార్కులు మూడు

ఎదుటివాళ్ల లెక్కల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆ ధీమాతోనే ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ అనే డిటెక్టివ్ కథల పుస్తకం మొదలుపెట్టాను. నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. రాత్రికి ఒక్క కథే. హోమ్స్ ఇక గుట్టు విప్పబోతున్నాడు అనిపించగానే ఆపాలి, నా అనుమానం పెన్సిల్‌తో రాసుకోవాలి, ఆ తర్వాతే పేజీ తిప్పాలి. పుస్తకంలో పన్నెండు కథలు. సరిగ్గా రాసినవి మూడు. అందులోనూ ఒకటి గుడ్డిగా విసిరిన రాయి.

నా పరువు బాగా తీసింది ‘రెడ్ హెడెడ్ లీగ్’. జేబెజ్ విల్సన్ అని ఒక తాకట్టు వ్యాపారి. జుట్టు ఎర్రగా ఉందని అతనికి ఉద్యోగమిస్తారు. రోజూ పదింటి నుంచి రెండింటి దాకా ఒక గదిలో కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా చూసి రాయడమే పని, వారానికి 4 పౌన్లు. ఎనిమిది వారాలకి, ‘ఎ’ అక్షరమైనా పూర్తవకుండానే, ఆఫీసు మూతపడుతుంది. నేను ఆ ఎర్రజుట్టు చుట్టూ తిరిగాను. వారసత్వం, దొంగ వీలునామా, రహస్య లిపి అంటూ అరపేజీ నింపాను. విల్సన్ మొదట్లోనే మాటవరసకి ఒక సంగతి చెప్తాడు: తన కొట్లో పనివాడు పని నేర్చుకోవాలని సగం జీతానికే చేరాడట! ఆఫీసులో అలాంటి పద్దు కనబడితే దాని అంతు తేల్చకుండా నేను కుర్చీలోంచి లేవను. ఇక్కడ మాత్రం చదువుకుంటూ వెళ్లిపోయాను. హోమ్స్ దారి అడిగే నెపంతో తలుపు తట్టి, ఆ పనివాడి ప్యాంటు మోకాళ్లు చూసి వచ్చేస్తాడు. ఎందుకో చెప్పను.

నాలుగొందల పేజీల నవలైతే, ఎక్కడో చదివాను, మర్చిపోయాను అని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇక్కడ ఆ సాకు దొరకదు. సగం జీతం మాటకీ ముడి విడిన చోటికీ మధ్య ముప్ఫై పేజీలు కూడా లేవు. అరగంట కింద చదివిన వాక్యం ఇంకా బుర్రలోనే ఉంది. వెనక్కి తిప్పితే ఉన్నచోటే ఉంది, ఏ ముసుగూ లేకుండా. తిట్టుకుంటే నన్ను నేనే తిట్టుకోవాలి. అలా తిట్టుకోవడం కోసమే మర్నాడు ఇంకో కథ తెరుస్తానని నాకూ ఆలస్యంగా తెలిసింది.

ఈ కొలత ఊరికే కుదిరింది కాదు. 1891లో ఈ కథల రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ లండన్‌లో కంటి డాక్టరుగా గది తీసుకుని, రోగులు రాక ఖాళీగా కూర్చున్నాడు. సీరియల్‌లో ఒక సంచిక తప్పిపోతే పాఠకుడు జారిపోతాడు. అదే మనిషి ప్రతిసారీ రావాలి, ఏ కథకా కథ ముగిసిపోవాలి అని లెక్క వేసుకున్నట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1891 జులై నుంచి 1892 జూన్ దాకా ‘స్ట్రాండ్’ మాసపత్రికలో నెలకొకటి వచ్చాయి. నెలకొకటి చదవడానికి రాసినవాటిని రాత్రికొకటి మింగితే అరగవు. ఏడో కథకి అచ్చు బయటపడిపోయింది: తలుపు తట్టే అతిథి, అతని చేతులూ బూట్లూ చూసి హోమ్స్ చెప్పే జాతకం, కథ చెప్పే స్నేహితుడు వాట్సన్ నోరెళ్లబెట్టడం. రెండ్రోజులు పుస్తకం పక్కన పెట్టాక గాని మళ్లీ రుచించలేదు.

అన్నీ ఒకే ఎత్తు కావు. ‘ఇంజినీర్స్ థంబ్’లో హోమ్స్ చేసేదేమీ లేదు; వాళ్లు చేరేసరికి ఇల్లు కాలిపోతోంది, దొంగలు జారుకున్నారు. ‘నోబుల్ బ్యాచిలర్’ నేను కనిపెట్టిన మూడింట్లో ఒకటి, ఇక మీరే అర్థం చేసుకోండి. ‘స్పెకిల్డ్ బ్యాండ్’ చదువుతూ మాత్రం లేచి నా గది గోడలు ఒకసారి చూసుకున్నాను. మోగని గంటతాడు, పక్కగదిలోకి తెరుచుకునే గాలికన్నం, నేలకు బిగించిన మంచం. మూడూ ముందే చూపించేస్తాడు. విడిన ముడి జీవశాస్త్రం ముందు నిలవదని మర్నాడు పగటిపూట తోచింది. రాత్రి తోచలేదు.

వృత్తిరీత్యా పట్టిన తప్పులు ఇంకో రెండు. ఎర్రజుట్టు ఉద్యోగ ప్రకటన 1890 ఏప్రిల్ 27 నాటిది. సరిగ్గా రెండు నెలలైందంటాడు వాట్సన్. ఆఫీసు మూసేశామన్న అట్ట మీద తేదీ అక్టోబర్ 9! ఎనిమిది వారాలకి 32 పౌన్లు, డబ్బు లెక్క సరిపోయింది, క్యాలెండరే కుదరలేదు. ‘ది మ్యాన్ విత్ ది ట్విస్టెడ్ లిప్’లో జాన్ వాట్సన్‌ని సొంత భార్యే జేమ్స్ అంటుంది.

కొనేవాళ్లకి ఒక మాట: ముందుమాట కథలన్నీ అయ్యాకే చదవండి. నా ప్రతిలో రెండు కథల గుట్టు అక్కడే విప్పేశారు. అదృష్టం కొద్దీ ముందుమాటలు దాటేసే అలవాటు నాది. పత్రికలో సిడ్నీ పాజెట్ వేసిన బొమ్మలు కూడా అందులో లేవు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంగ్లీషు మూలం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ఐదుకి నాలుగు. పోయిన మార్కు ఇంజినీరు బొటనవేలి ఖాతాలో. తర్వాతి సంపుటికి పెన్సిల్ చెక్కి పెట్టుకున్నాను. ఈసారి ముందు అందరి జీతాలూ చూస్తాను.