డీహ్యుమిడిఫయర్‌తో నాలుగు వానాకాలాలు

ముసురు పట్టిందంటే మా ఇంట్లో మొదట మొదలయ్యే టెన్షన్ బట్టలది. ఐదుగురం ఉంటాం. ఇద్దరు బడికెళ్లే పిల్లలు, మా అత్తయ్యకి ఆయాసం. రోజు విడిచి రోజు మెషీన్ వేయక తప్పదు. నాలుగేళ్ల కిందట పదకొండు రోజులు ఆగకుండా వాన పడినప్పుడు పడకగదిలో రెండు దండేలు కట్టి, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి ఆరేశాను. మూడో రోజుకి కూడా తువ్వాళ్లు ఆరలేదు. పదో రోజుకి బీరువా వెనక గోడ మీద నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. ఆ గదిలోనే పడుకునే అత్తయ్య రాత్రంతా దగ్గుతూ కూర్చునేది. ఆ మరుసటి వారం డీహ్యుమిడిఫయర్, అంటే గాలిలోని తేమని లాగేసే యంత్రం కొన్నాం. అప్పటి నుంచి నాలుగు వానాకాలాలు గడిచాయి.

దాని మంచిచెడ్డలు చెప్పేముందు ఒక లెక్క చెప్పాలి. అది తెలిశాకే నాకు అంతకుముందు ఎందుకు బట్టలు ఆరలేదో అర్థమైంది. ఒకసారి ఉతక్కముందు, ఉతికాక బట్టలు తూచి చూశాను. నాలుగు కిలోల బట్టలు మెషీన్‌లోంచి తీశాక ఆరు కిలోలున్నాయి. అంటే గదిలోకి రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లి వేలాడదీస్తున్నానన్నమాట. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 23 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. మా పడకగది సుమారు 34 ఘనపు మీటర్లు. ముసురు రోజున గాలిలో తేమ అప్పటికే 80 శాతం ఉంటే, ఇక అందులో పట్టేది 150 గ్రాముల పైచిలుకు మాత్రమే. రెండు లీటర్లలో పదో వంతు కూడా కాదు. మిగతాది బట్టల్లోనైనా ఉండిపోవాలి, లేదంటే గోడకీ పరుపుకీ బీరువాలోని బట్టలకీ పట్టాలి. మా ఇంట్లో రెండూ జరిగాయి. ఫ్యాన్ ఆ తేమగాలినే గదంతా తిప్పింది తప్ప నీళ్లని బయటికి పంపలేదు.

హీటర్ పెడితే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. వేడిగాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, నిజమే. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకి 30 గ్రాముల దాకా పడుతుంది. బట్ట కూడా తొందరగానే ఆరుతుంది. కానీ ఆ గాలి వెళ్లి చల్లటి గోడకి తగిలినప్పుడు తేమ అక్కడే దిగుతుంది. నీళ్లు ఇల్లు దాటనంత వరకూ పని సగమే అయినట్టు.

డీహ్యుమిడిఫయర్ ఆ రెండో సగం చేస్తుంది. గాలిని లోపలికి లాగి చల్లటి గొట్టాల మీదుగా పంపుతుంది. తేమ అక్కడ నీటిబొట్లుగా మారి ట్యాంకులోకి కారుతుంది. ఆ గాలే మళ్లీ వేడి గొట్టాల మీదుగా పొడిగా బయటికొస్తుంది. మాది రోజుకి 12 లీటర్లు తీస్తుందని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంది. అది 30 డిగ్రీలు, 80 శాతం తేమలో అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మా గదిలో రాత్రి పదింటికి పెట్టి పొద్దున ఆరింటికి చూస్తే రెండు నుంచి రెండున్నర లీటర్లు ఉంటుంది. మాకు కావాల్సింది అంతే. 230 వాట్లది కాబట్టి ఎనిమిది గంటలకి రెండు యూనిట్ల లోపే కాలుతుంది.

మొదటి ఏడాది పెద్ద పొరపాటు చేశాను. గాలి ఆడాలని కిటికీ కొంచెం తెరిచి ఉంచేదాన్ని. ట్యాంకు నిండేది, బట్టలు మాత్రం తడిగానే ఉండేవి. నెల తర్వాత తెలిసింది, అది బయట నుంచి వచ్చే వానగాలిని ఆరబెడుతోందని. కిటికీ మూసి, తలుపు కింద సందులో పాత దుప్పటి పెట్టిన మొదటి రాత్రే పలచటి చొక్కాలు ఐదు గంటల్లో ఆరిపోయాయి. తువ్వాళ్లకి ఎనిమిది గంటలు, జీన్స్‌కి పది పట్టింది. ఇప్పటికీ దాదాపు అంతే పడుతుంది.

ఆరేసే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. స్టాండు గది మధ్యలో ఉండాలి, గోడకి ఆనకూడదు. బట్టకీ బట్టకీ నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. చోటు చాలకపోతే సగం బట్టలు మర్నాటికి వాయిదా వేయడం మేలు. ఇరికించి ఆరేస్తే మొత్తం ఆలస్యమవుతుంది. దుప్పటిని ఒక్క కమ్మీ మీద మడతేయకుండా రెండు కమ్మీల మీదుగా వేస్తే మధ్యలోంచి గాలి పోతుంది. చిన్న టేబుల్ ఫ్యాన్ నేల మీద పెట్టి, బట్టల వరుసల మధ్యగా గాలి వెళ్లేలా తిప్పుతాను. బట్టని అంటుకుని ఉండే తేమ పొరని అది కదిలిస్తుంది, యంత్రం దాన్ని లాగేస్తుంది.

జీన్స్ దగ్గర నేను చాలాసార్లు మోసపోయాను. కాళ్ల దగ్గర గరగరలాడుతూ ఆరినట్టే ఉంటాయి. నడుం పట్టీ, జేబుల మూలలు, కాళ్ల మధ్య కుట్లు కలిసేచోట మాత్రం లోపల చెమ్మ దాక్కుని ఉంటుంది. అలాగే మడతపెట్టి బీరువాలో పెడితే పక్క బట్టలకి కూడా వాసన పడుతుంది. అందుకే తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుం పైకి ఉండేలా హ్యాంగర్‌కి క్లిప్పులు పెట్టి వేస్తాను. ఆరిందో లేదో చూసే పద్ధతి అత్తయ్య చెప్పింది. "చేతికి ఆరినట్టే ఉంటుందమ్మా, చెంపకి ఆనించి చూడు." చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆవిరవుతున్న నీళ్లు వేడిని లాక్కుంటాయి కాబట్టి ఆ చల్లదనం. ఇన్నేళ్లలో ఈ పరీక్ష ఎప్పుడూ తప్పలేదు.

యంత్రం కంటే ముందు స్పిన్‌ని నమ్ముకోండి. ఉతకడం అయ్యాక స్పిన్ మాత్రం ఇంకోసారి వేస్తే మా బట్టల బరువు 300 గ్రాముల దాకా తగ్గింది. ఆ నీళ్లని ఆవిరి చేసి తీయడం కంటే తిప్పి పిండడానికి కరెంటు చాలా తక్కువ. మెషీన్ ఆగిన వెంటనే తీసి ఆరేయాలి, అందులోనే గంటలకొద్దీ వదిలేయకూడదు.

ముక్కిపోయిన వాసన గురించి ఒక మాట. లోపల ఆరేసిన బట్టల్లో ఆ వాసనకి ముఖ్య కారణం మొరాక్సెల్లా ఒస్లోఎన్సిస్ అనే బ్యాక్టీరియా అని జపాన్ పరిశోధకులు 2012లో గుర్తించారు. బట్ట ఎండినా అది చావదు. అందుకే పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉన్న తువ్వాలు ఒళ్లు తుడుచుకోగానే మళ్లీ వాసన వేస్తుంది. అలాంటి తువ్వాళ్లని ఎంత బాగా ఆరబెట్టినా లాభం లేదు. 60 డిగ్రీల వేడినీళ్ల వాష్ వేశాకే మా వాటికి వాసన పోయింది. తువ్వాళ్లకి కండిషనర్ వాడడం కూడా మానేశాను, నీళ్లు బాగా పీలుస్తున్నాయి.

ఇక ఇబ్బందులు. చప్పుడు ఉంటుంది. అదే గదిలో నిద్రపోవడం కష్టం, అందుకే బట్టల గదినీ అత్తయ్య పడక గదినీ వేరు చేశాం. గది రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. రెండు లీటర్ల ట్యాంకు తెల్లవారుజామున నిండి యంత్రం ఆగిపోయేది, పైపు తగిలించి బకెట్‌లోకి వదిలాక ఆ బాధ తప్పింది. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, ఇల్లు తుడవడానికి వాడతాను. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగకపోతే నీళ్లు తీయడం బాగా తగ్గుతుంది. మూడో ఏడాది కింది చక్రం విరిగింది. దాని కోసం కంపెనీకి రెండు నెలలు ఫోన్లు చేసినా రాలేదు, చివరికి కింద చెక్క పెట్టుకున్నాం. స్టాండు కమ్మీల పెయింట్ లేచి, తుప్పు మరకలు తెల్ల యూనిఫారాలకి అంటాయి. ఈసారి కొంటే స్టీలుదే కొంటాను. చలి ఎక్కువైన రాత్రుల్లో గొట్టాల మీద మంచు పట్టి అది మాటిమాటికీ ఆగుతుంది. 15 డిగ్రీల కంటే తగ్గే ఇళ్లలో ఈ కంప్రెసర్ రకం సరిగ్గా పనిచేయదు, తేమని పీల్చే పదార్థంతో నడిచే డెసికెంట్ రకం తీసుకోవాలి.

అందరికీ ఇది అవసరమని చెప్పను. ముందు ఒక చిన్న తేమ మీటరు కొని గోడకి పెట్టుకోండి. అరవైకి లోపు చూపిస్తే కిటికీలు తెరిచి ఫ్యాన్ వేస్తే చాలు, నేనూ ఆ రోజుల్లో యంత్రం ముట్టుకోను. డెబ్బై దాటితేనే వేస్తాను. ఆరేసిన కొత్తలో 85 చూపించే మీటరు పొద్దునకి 50కి దిగుతుంది. బీరువాని గోడ నుంచి జానెడు జరిపి, ఆ గోడకి మళ్లీ సున్నం వేయించాం. మూడేళ్లయింది, చుక్కలు మళ్లీ రాలేదు.

రేపటి నుంచి మళ్లీ వానలట. ఫిల్టర్ కడిగి పెట్టాను. పిల్లల యూనిఫారాలు ఈ రాత్రికే వేసేస్తున్నాను.