సముద్రం పక్క ఇంటికి గ్రిల్ దేంతో చేయించాలి: రంగేసిన ఇనుమా, జింకు పూతా, ఎస్‌ఎస్సా?

మా ఊరు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, నౌపడ ఉప్పు మడులకి దగ్గర్లో. మేడ ఎక్కితే ఉప్పు కుప్పలు తెల్లగా కనిపిస్తాయి. సాయంత్రం సముద్రం గాలి మొదలయ్యాక కిటికీ ఊచ పట్టుకుంటే చేతికి జిగురుగా తగులుతుంది, ఆ చెయ్యి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. ఇటువైపు ఇల్లు కడుతున్న వాళ్ళు కలిస్తే సిమెంటు, ఇసుక మాటలు అయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే: గేటుకి, గ్రిల్‌కి మామూలు ఇనుము పెట్టి రంగేయించాలా, జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము పెట్టాలా, ఎస్‌ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాలా? మా ఇంట్లో మూడూ పెట్టాం, మూడింటినీ ఏళ్ళ తరబడి చూశాం. సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్ళకి నా సలహా ముందే చెప్పేస్తాను. వేడి జింకులో ముంచి తీసిన ఇనుము, దాని మీద సరైన ప్రైమరు, ఆపైన రంగు. ఎందుకో ఇప్పుడు చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే కారణం తెలియకపోతే షాపువాడు జీఐ అని దేన్నిచ్చినా తెచ్చేసుకుంటాం.

ముందు తుప్పు సంగతి. తుప్పు పట్టడంలో రెండు చర్యలుంటాయి: ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం ఆక్సీకరణం, అందుకోవడం క్షయకరణం. ఈ రెండో పేరు పిల్లల్ని బాగా తికమక పెడుతుంది, క్షయం అంటే తరిగిపోవడం కదా, ఎలక్ట్రాన్లు వచ్చి చేరుతుంటే తరిగేదేంటి అని. తరిగేది ఆక్సీకరణ సంఖ్య, అంటే పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో చెప్పే లెక్క. ఎలక్ట్రాన్‌ది రుణావేశం, అది వచ్చి చేరితే ఆ సంఖ్య కిందికి దిగుతుంది, అంతే. ఇంట్లో టెన్త్ చదివేవాళ్ళుంటే గేటు దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి, రెండు చర్యలూ ఒకే ఊచ మీద పక్కపక్కనే జరుగుతుంటాయి. ఒకచోట ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి, పైనున్న తడి పొరలోకి దిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు ఊచలోంచే నడిచి ఇంకోచోటికి వెళ్తాయి, అక్కడ నీటిలో కరిగిన ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. అంటే ఇది చిన్న బ్యాటరీ. బ్యాటరీ నడవాలంటే లోపల అయాన్లు, అంటే ఆవేశం ఉన్న కణాలు, కదలాలి, మంచి నీటిలో అవి తక్కువ, ఉప్పు నీటిలో బోలెడు. పైగా ఉప్పు గాలిలో తేమని లాక్కుని ఉంచుకుంటుంది, కాబట్టి వాన లేని రోజు కూడా మన గ్రిల్ తడిగానే ఉంటుంది.

మా అక్క ఇల్లు చీపురుపల్లిలో, సముద్రానికి బాగా దూరంగా. 2013లో మా ఇల్లు, వాళ్ళ ఇల్లు కొద్ది నెలల తేడాతో పూర్తయ్యాయి, ఒకే రకం ఊచలు, ఒకే రంగు. వాళ్ళ గ్రిల్‌కి ఇప్పటికి రెండుసార్లే రంగేశారు. మాకు మూడో ఏడాదికే పొక్కులు వచ్చాయి. అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా పక్కనున్న గరివిడి గుర్తొస్తుంది నాకు. అక్కడ ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ కొలిమిలో మాంగనీసు ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, కరెంటు పెట్టి, ఎంతో వేడి మీద ఆక్సిజన్‌ని ఊడదీసి లోహం చేసేవారు. ఆక్సిజన్ పోతే లోహానికి ఎలక్ట్రాన్లు తిరిగొస్తాయి కాబట్టి అదీ క్షయకరణమే. ఇనుమూ అలా పుట్టిందే, బొగ్గు దాని ఆక్సిజన్‌ని పట్టుకుపోతే లోహం మిగిలింది. ఇక్కడ మా కిటికీ దగ్గర సముద్రం గాలి ఏ ఖర్చూ లేకుండా ఆ ఆక్సిజన్‌ని తిరిగి అంటగడుతోంది. గనిలో దొరికే ఎర్ర ఖనిజం, మా ఊచ మీది తుప్పు, రెండూ ఇంచుమించు ఒకే పదార్థం.

ఇక ఒక్కొక్కటీ. రంగేసిన మామూలు ఇనుము చవక, ఏ వెల్డరైనా చేస్తాడు, వంకర పోతే సరిచేయొచ్చు. కానీ రంగు చేసే పని తడినీ గాలినీ ఇనుము దగ్గరికి రాకుండా అడ్డుకోవడం ఒక్కటే. గీత పడిందా, అక్కడ ఇనుముకి దిక్కు లేదు. గీత దగ్గర ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది, రంగు పొర కిందికి పాకిన తడిలో తక్కువ, ఈ తేడా వల్లే పొర కింద ఇనుము కరుగుతూ పోతుంది, బయటికి చిన్న పొక్కే కనిపిస్తుంది. తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రంగుని కింద నుంచి పెకలించేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి కొబ్బరి మట్టలు, రేకులు వచ్చి మా గేటుకి తగిలాయి, ఎక్కడెక్కడ గీరుకుందో అక్కడల్లా వచ్చే ఏడాదికి చిల్లులే. వెల్డర్లు పూసే రెడ్ ఆక్సైడ్ గురించి కూడా ఒక మాట. అందులో ఉండే ఎర్ర రంగు ఐరన్ ఆక్సైడే, ఇంక మళ్ళీ ఆక్సీకరణం చెందడానికి ఏమీ మిగలని పదార్థం, అందుకే రంగుగా నిలకడగా ఉంటుంది. అది గోడలా అడ్డుంటుంది, అంతకు మించి ఇనుముని కాపాడే గుణం దానికి లేదు. మా వెల్డరు పొద్దున్నే మంచు తడి మీదే, ఊచల మీది నల్ల పెచ్చు గీకకుండానే అది పూసేశాడు. అలా పూస్తే తడినీ ఉప్పునీ లోపల పెట్టి మూసేసినట్టే. చీపురుపల్లి, రాజాం, పార్వతీపురం వైపు వాళ్ళకి మాత్రం రంగేసిన ఇనుము చాలు, శుభ్రంగా ఎమ్రీ పేపరు కొట్టి వేయించుకుంటే ఏళ్ళు వస్తుంది, ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు.

జింకు కథ వేరు, నాకు ఇష్టమైనదీ ఇదే. మా మావయ్యకి భావనపాడులో పడవ ఉంది. మోటారు కింద, నీళ్ళలో మునిగే భాగానికి బూడిద రంగు లోహపు ముక్క ఒకటి బిగించి ఉంటుంది, గుంటలు పడి సగం అరిగిపోయి. ఒకసారి మోటారుకి రంగేస్తుంటే నేను పక్కనుండి, "మావయ్యా, దీనికీ వేసేయండి, ఇదే ముందు పోతోంది" అన్నాను. "ఏటిరా బాబూ, దానికి రంగేస్తే మోటారు పోద్ది. ఉప్పునీరు తింటే దాన్నే తినాలి, మోటారు జోలికి రాకూడదు" అన్నాడు. ఆ ముక్క జింకు. రసాయన శాస్త్రం పుస్తకంలో ఉన్నదీ అదే. ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ ఇనుముకి మైనస్ 0.44 వోల్టులు, జింకుకి మైనస్ 0.76. అంకె ఎంత కిందికుంటే ఎలక్ట్రాన్లు వదలడానికి ఆ లోహం అంత తొందరపడుతుంది. రెండూ అంటుకుని ఒకే తడిలో ఉంటే జింకు ఆక్సీకరణం చెందుతుంది, దాని ఎలక్ట్రాన్లు ఇనుములోకి వస్తాయి, ఇనుము లోహంగానే ఉండిపోతుంది. అందుకే జింకు పూత మీద చిన్న గీత పడినా చుట్టుపక్కల జింకు ఆ గీతని కాస్తుంది. ఈ గుణం రంగుకి లేదు. హంఫ్రీ డేవీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1824లోనే ఓడల అడుగున రాగి రేకుల్ని కాపాడటానికి జింకు, ఇనుము ముక్కలు బిగించి చూశాడు. వేడి జింకులో ఇనుముని ముంచే పద్ధతికి ఫ్రాన్స్‌లో సోరెల్ అనే ఇంజనీరు 1837లో పేటెంటు తీసుకున్నాడు.

కానీ మోసపోయేదీ ఇక్కడే. బజారులో మెరిసేదంతా జీఐ అంటారు. పలచటి జీఐ రేకుని మడిచి చేసిన పైపు మీద జింకు ఒక్కో వైపు పదో ఇరవయ్యో మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చేసిన వస్తువునే 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచితే, ఆరు మిల్లీమీటర్ల పైన మందం ఉన్న ఇనుముకి సగటున 85 మైక్రాన్లు, ఆ పైనా పడుతుంది. మన గాలికి పూత మందమే ఆయుష్షు. ఇంకో తప్పు మేమే చేశాం. జీఐ పైపులు తెచ్చి, ఇంటి దగ్గర వెల్డింగ్ చేయించాం. జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ పూత మొత్తం తెల్ల పొగగా లేచిపోయింది, రెండేళ్ళకి గేటు అంతా బాగుండి అతుకులన్నీ ఎర్రబడ్డాయి. ఆ పొగ జింకు ఆక్సైడు, పీల్చినవాళ్ళకి రాత్రికి జ్వరం, వణుకు వస్తాయి, వెల్డరు పాలు తాగి పని మొదలుపెట్టాడు గానీ పాలు ఆపవు, అతుకు దగ్గర పూత ముందే గీకేయాలి, గాలి ఆడే చోట, సరైన మాస్కు పెట్టుకుని చేయాలి. అతుకు వేశాక జింకు పొడి ఎక్కువగా ఉండే రంగు రెండు కోట్లు పూయాలి. అసలు మంచి పని ఏంటంటే గేటు మొత్తం మామూలు ఇనుముతో కట్టించి, కన్నాలు, అతుకులు అన్నీ అయ్యాక ముంచడానికి పంపడం. పైపు అయితే లోపలి గాలి పోవడానికి కన్నాలు వదలాలి, లేకపోతే ఆ వేడికి పేలే ప్రమాదం ఉంది.

జింకు మీద నేరుగా ఎనామిల్ వేయకండి. ఎనామిల్‌లో ఉండే నూనె జింకుతో కలిసి సబ్బులాంటిది తయారవుతుంది, రంగు పొరలు పొరలుగా ఊడొస్తుంది. జీఐకి పనికొచ్చే ఎచ్ ప్రైమరు గానీ ఎపాక్సీ ప్రైమరు గానీ అడిగి తెచ్చుకోండి. పైన రంగెందుకు అంటారా, లోపలి ఊళ్ళలో జింకు మీద కార్బనేట్ పొర కట్టి తనని తాను కాపాడుకుంటుంది, ఉప్పు గాలిలో ఆ పొర నిలవదు, జింకు త్వరగా అరుగుతుంది. రంగు జింకుని కాస్తే జింకు ఇనుముని కాస్తుంది.

ఎస్‌ఎస్ గురించి తక్కువే చెప్తాను. క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే దాని మీద కంటికి కనపడనంత పలచటి క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, గీరుకుపోయినా గాలి తగలగానే మళ్ళీ కట్టుకుంటుంది. ఆక్సీకరణమే ఇక్కడ రక్ష. కానీ క్లోరైడ్, అంటే మన ఉప్పు, ఆ పొరని అక్కడక్కడా పొడిచి సన్నటి గుంటలు చేస్తుంది. మా మేడ మెట్ల రెయిలింగ్‌కి 304 గ్రేడు ఎస్‌ఎస్ అని చెప్పి తక్కువ రకం 202 గ్రేడు అంటగట్టారు, మొదటి వేసవి దాటకుండానే టీ మరకల్లాంటివి వచ్చాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందంటారు, తెలియదు, 202కీ 304కీ రెండిటికీ అయస్కాంతం పెద్దగా అంటదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దగ్గర ఉంటాయి. తీరానికి అసలు పనికొచ్చేది 316, దానిలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ధర ఇనుముకి ఎన్నో రెట్లు. కిటికీలన్నిటికీ అది పెట్టే స్తోమత మాకు లేదు. తలుపు గడియలు, బందులు, స్క్రూల వరకు మాత్రం 316 కొనండి, ఆ డబ్బు వృథా కాదు. పెద్ద ఎస్‌ఎస్ రెయిలింగ్‌కి మామూలు ఇనుప బోల్టులు మాత్రం బిగించనివ్వకండి, అంత పెద్ద ఎస్‌ఎస్ మీద ఆక్సిజన్ అందుకునే ఎలక్ట్రాన్లన్నీ ఆ చిన్న బోల్టే ఇచ్చుకోవాలి, ఇట్టే కరిగిపోతుంది.

ఏది పెట్టినా నెలకోసారి మంచి నీళ్ళతో కడగండి. మా ఇంట్లో వానకి తడిసే గేటు కన్నా సన్‌షేడ్ కింద వాన తగలని గ్రిల్లే ముందు పోయింది, ఎందుకంటే గేటు మీది ఉప్పుని వాన కడిగేసింది, గ్రిల్‌ని మాత్రం ఎవరూ కడగలేదు.

ఇప్పుడు భావనపాడు రోడ్డులో మా పిన్ని ఇల్లు కడుతోంది. వెల్డరు జీఐ పైపు తెచ్చి మూడు రోజుల్లో గేటు నిలబెట్టేస్తానన్నాడు. వద్దన్నాం. మామూలు ఇనుముతో కట్టి, కన్నాలు పెట్టి, ముంచడానికి విశాఖ పంపుతున్నాం, గృహప్రవేశానికి అందకపోతే నెల రోజులు వెదురు తడికే గేటు.