సాన్-వెరాన్‌లో లె సూమ్ మ్యూజియం: పశువులతో కలిసి బతికిన ఇల్లు

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మీద, సుమారు 2,040 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి వెళితే లె సూమ్ తప్పకుండా చూడండి. 1641 నాటి ఇల్లది. కింద రాతి గోడలు. చలికాలమంతా మనుషులూ పశువులూ అక్కడే ఉండేవాళ్ళు, గొడ్ల ఒంటి వేడితోనే ఇల్లు వెచ్చగా ఉండేది. పైన లార్చ్ చెట్టు దుంగలతో కట్టిన, గడ్డి దాచే అటక. మూలల్లో దుంగలు ఒకదాన్లో ఒకటి ఎంత బిగువుగా కూర్చున్నాయో! నేను అక్కడే ఆగిపోయాను. ఒకప్పుడు రై అనే ధాన్యం పంట, పశువులే ఇక్కడి జీవనాధారం, ఇప్పుడు ఎక్కువగా టూరిజమే. గోడల మీది నీడ గడియారాలు కూడా చూడండి. కారు ఊరి బయటే పెట్టి నడవాలి, పెద్దవాళ్ళుంటే వాళ్ళని నిదానంగా నడిపించండి.